గుణదల కొండకు రెండుసార్లు: తిరునాళ్ళలో ఒకసారి, తీరిగ్గా ఒకసారి

మా అమ్మ మొక్కు తీరడానికి రెండు ప్రయాణాలు పట్టింది. మొదటిది ఫిబ్రవరిలో, విజయవాడలోని గుణదల మేరీమాత తిరునాళ్ళకి. రెండోది అదే ఏడాది నవంబరులో, ఏ పండగా లేని ఒక బుధవారం నాడు. రెండుసార్లూ ఎక్కింది ఆ కొండే, చూసింది ఆ మాతనే. కానీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని బయల్దేరేవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే ఆ రెండింటికీ ఉన్న తేడా పూర్తిగా చెప్పి పంపిస్తాను. ఎందుకంటే మొదటిసారి నేను ముందూ వెనకా చూసుకోకుండా తీసుకెళ్ళడం వల్ల అమ్మ మెట్ల మధ్యలోంచి కళ్ళు తుడుచుకుంటూ దిగింది.

మాది ఖమ్మం. ఆ ముందు ఏడాది తమ్ముడు బండి మీద నుంచి పడి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కాలికి రాడ్లు వేశారు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని అమ్మ మొక్కుకుంది: "వాడు లేచి తన కాళ్ళ మీద నడిస్తే గుణదల కొండ చెప్పుల్లేకుండా ఎక్కుతాను తల్లీ, సిలువ దాకా, సిలువ మార్గం చేసుకుంటూ." వాడు నడిచాడు. అమ్మకి అరవై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. "గుహ దాకా వెళ్ళి కొవ్వొత్తి వెలిగించుకుంటే చాలదా అమ్మా" అన్నాను. "నేను సిలువ దాకా అన్నాను నాన్నా" అంది. ఇంక మాట లేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. గుణదల వెళ్ళొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది గుహ దాకానే వెళ్తారు. కింద పెద్ద గుడి, అక్కడి నుంచి మెట్లెక్కితే కొండ వాలులో సహజంగా ఏర్పడిన గుహ, అందులో మరియమాత స్వరూపం. దండం పెట్టుకుని, కొవ్వొత్తి వెలిగించి దిగిపోతారు. దానికి పెద్ద శ్రమ లేదు. కానీ దారి అక్కడితో ఆగదు. కొండ మీది సిలువ దాకా పోతుంది. దారి పొడవునా యేసుప్రభువు జీవితంలోని ఘట్టాలు, ఆయన పడ్డ శ్రమలు కనిపిస్తాయి. ఆ శ్రమల ఘట్టాల్లో ఒక్కోదాన్నీ ఒక స్థలం అంటారు, ఒక్కో స్థలం దగ్గరా ఆగి ప్రార్థన చేసుకుంటూ పోవడమే సిలువ మార్గం. ఆ దారి నడిచినవాళ్ళకీ, గుహ నుంచే తిరిగొచ్చినవాళ్ళకీ గుణదల ఒకటి కాదని ఇప్పుడు నాకు తెలుసు.

ఆ గుహలో మాత ఎలా కొలువైందో అమ్మ మా చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది. 1920ల నడిమిలో ఫాదర్ అర్లాటి అనే విదేశీ గురువు గుణదలలోని సెయింట్ జోసఫ్ అనాథ శరణాలయానికి రెక్టర్‌గా ఉండేవారు. ఆయనే ఆ కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. అప్పటికి బెజవాడ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కూడా ఏర్పడలేదు, అది 1937లో వచ్చింది. ఇప్పుడు కింద కనిపించే పెద్ద గుడికి ప్రతిష్ఠ జరిగింది 1971లో. అంటే గుడి కట్టాక మాత రాలేదు. ముందు గుహ, గుహ వెంట జనం, ఆ జనం కోసం గుడి. అనాథ పిల్లల ఆవరణ పక్కన మొదలైన భక్తి కాబట్టే ఇక్కడికి వచ్చేవాళ్ళలో బిడ్డల కోసం మొక్కుకునేవాళ్ళు ఎక్కువని అమ్మ అంటుంది. అది ఆమె నమ్మకం. నాకూ ఆ మాట ఇష్టం.

విజయవాడ కొండలకి గుహలు కొత్తేమీ కాదు. మొగల్రాజపురంలో ఉన్నాయి, ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి, కృష్ణ దాటితే ఉండవల్లిలో నాలుగు అంతస్తుల గుహాలయం ఉంది. అవన్నీ రాతిని తొలిచి చేసినవి, పాత కాలానివి. గుణదలది మనిషి తొలిచిన గుహ కాదు, అక్కడి భక్తి కూడా వయసులో చిన్నది. అయినా ఈ ఊళ్ళో కొండెక్కి గుహలో దేవుణ్ణి చూసి రావడం అనేది అందరి కాళ్ళకీ తెలిసిన పనే. అందుకేనేమో తిరునాళ్ళలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు, కొబ్బరికాయ పట్టుకున్న మగవాళ్ళు, తలనీలాలు ఇచ్చి గుండుకి గంధం రాసుకున్న పిల్లలు అంతమంది కనిపిస్తారు. దుర్గమ్మ కొండకీ, మేరీమాత కొండకీ రెండింటికీ మొక్కే ఇళ్ళు బెజవాడ చుట్టుపక్కల నాకు చాలా తెలుసు.

ఫిబ్రవరి ప్రయాణం సంగతి. తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ తేదీలకి కారణం ఫ్రాన్సులోని లూర్దు. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల చెల్లెలితో, స్నేహితురాలితో కలిసి పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళింది. ఏటి ఒడ్డున మస్సబియెల్ అనే చోట, కొండ గుహ దగ్గర ఆమెకి మొదటిసారి మరియమాత దర్శనమైంది. ఆ ఏడు జులై 16 లోపల మొత్తం 18 దర్శనాలు. ఈ కథ చెప్పేటప్పుడు అమ్మ ఎప్పుడూ పుల్లల దగ్గర ఆగుతుంది. ఆ పిల్లకి ఉబ్బసం, చన్నీళ్ళలో దిగితే ఆయాసం వస్తుందని భయపడి వెనకబడింది, అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు చూసింది అని చెబుతుంది. అమ్మ కూడా చిన్నప్పుడు చెరువు గట్టు మీద పుల్లలు ఏరింది. మా వైపు లూర్దమ్మ, లూర్దు మేరి, లూర్దయ్య అన్న పేర్లు ఇంటికొకటి ఉంటాయి. ఆ పేర్లలో ఉన్నది ఎక్కడో పరాయి దేశపు ఊరని చాలామందికి గుర్తు కూడా రాదు.

పదో తేదీ మధ్యాహ్నం రైల్లో బయల్దేరాం. ఖమ్మం నుంచి విజయవాడ రెండు గంటల లోపే. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి యాప్‌లో పది రోజుల ముందే బుక్ చేశాను. పేరు చెప్పను. అక్కడికి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు "మీ బుకింగ్ మాకు రాలేదు మేడమ్" అన్నాడు. ఫోన్‌లో చూపించాను. "తిరునాళ్ళ రేటు వేరే, యాప్ రేటుకి కుదరదు" అని అసలు సంగతి చెప్పాడు. రెట్టింపు అడిగాడు. అమ్మ బ్యాగు మీద చెయ్యి వేసి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ సమయంలో ఇంకెక్కడ వెతుకుతాం? ఇచ్చేశాను. గది మూడో అంతస్తులో, లిఫ్టు పని చేయడం లేదు. కొండెక్కాల్సిన మోకాళ్ళు లాడ్జి మెట్ల మీదే సగం అరిగాయి. తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళు యాప్‌ని నమ్ముకోకండి. ఒకరోజు ముందు లాడ్జికి ఫోన్ చేసి, రేటు, గది ఏ అంతస్తులో ఉందో, లిఫ్టు పని చేస్తోందో లేదో మాట తీసుకోండి.

సాయంత్రం ఆటో ఎక్కాం. మామూలు రోజుల్లో అయితే స్టేషన్ నుంచి గుణదల ఐదారు కిలోమీటర్లు, ఏలూరు రోడ్డు మీద తిన్నగా పోతే వచ్చేస్తుంది. ఆ రోజు చాలా ముందే ట్రాఫిక్ ఆపేశారు. ఆటో అతను దించేసి, మాట్లాడుకున్నదానికి ఇంకో యాభై తీసుకున్నాడు. అక్కడి నుంచి నడక. నడకని నేను తప్పుపట్టను. ఆ నడకే తిరునాళ్ళు. రోడ్డుకి రెండు వైపులా కొవ్వొత్తులు, జపమాలలు, మాత పటాలు, ప్లాస్టిక్ బొమ్మలు, చెరకు రసం, జీళ్ళు, ఖర్జూరాలు. మైకులో జపమాల. ఒక గొంతు "దేవ వర ప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెడితే రోడ్డంతా మిగతా సగం అందుకుంటోంది. శ్రీకాకుళం యాస, నెల్లూరు యాస, మా తెలంగాణ యాస అన్నీ ఒకే జపంలో కలిసిపోతున్నాయి. ఆవరణలో పందిళ్ళ కింద చాపలు పరుచుకుని కుటుంబాలకి కుటుంబాలు పడుకుని ఉన్నాయి. టిఫిన్ క్యారియర్లు, ఉతికి ఆరేసిన చీరలు, నిద్రపోతున్న పసిపిల్లలు. ఏ లాడ్జీ గొడవా లేకుండా మూడు రోజులు అక్కడే గడిపేవాళ్ళని చూసి మాకు అసూయ వేసింది.

గుహ దాకా క్యూలో రెండున్నర గంటలు పట్టింది. నిలబడే వెళ్ళాలి. అమ్మ బరువంతా నా భుజం మీదే. గుహ ముందు నిలబడ్డది ఎంతసేపు? నిమిషం కూడా కాదు. వెనక నుంచి తోపు. అయినా ఆ నిమిషంలో ఒకటి చూశాను. మా ముందు ఒక పెద్దాయన కొవ్వొత్తి పట్టుకోవడానికి కాగితం కూడా లేకుండా వట్టి అరచేతిలో నిలబెట్టాడు. మైనం కరిగి వేళ్ళ సందుల్లోంచి కారి మణికట్టు మీద గడ్డ కడుతోంది. మొహంలో నొప్పి లేదు. వెలిగించడానికి చోటు దొరికేదాకా అలాగే పట్టుకున్నాడు. తర్వాత గోటితో ఆ మైనాన్ని పొరలా ఒలిచి, పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

గుహ దాటి పైకి పోయే మెట్లు కిక్కిరిసి ఉన్నాయి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకటే దారి. చీకటి. అమ్మ ఓ ఇరవై మెట్లు ఎక్కి ఉంటుంది. ఎవరిదో మోచెయ్యి తగిలి ఒరిగింది. పక్కనున్న అమ్మాయి పట్టుకోబట్టి సరిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. "వద్దమ్మా, దిగుదాం" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. దిగుతున్నంతసేపూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. పదకొండో తేదీ పొద్దున గురువులంతా కలిసి చేసే సమష్టి దివ్యబలిపూజ కింద మైదానంలో దూరం నుంచి విన్నాం. ఆ రోజు ప్రపంచ రోగుల దినం కూడా. రెండో జాన్ పాల్ పోపుగారు ప్రకటించారు, 1993 నుంచి ఈ తేదీనే జరుగుతోంది. రోగుల కోసం ప్రార్థన చదువుతుంటే అమ్మ తమ్ముడి పేరు మూడుసార్లు చెప్పుకుంది. మొక్కు మాత్రం మిగిలిపోయింది.

తిరునాళ్ళకి వెళ్ళొద్దని నేను అనడం లేదు. లక్షల మంది ఒకే పాట పాడటం వినాలంటే అప్పుడే వెళ్ళాలి. వయసులో ఉన్నవాళ్ళు, నేల మీద పడుకోగలిగినవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. మొదటి రోజుకి వెళ్తే పండగ రోజుకన్నా జనం కాస్త నయమని అక్కడివాళ్ళే మాతో అన్నారు. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, మేమున్నంతసేపూ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉన్నారు. మరుగుదొడ్ల దగ్గర క్యూ ఎలాగూ తప్పదు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి అదే పెద్ద టెన్షన్. కానీ సిలువ దాకా ఎక్కాలన్న మొక్కు ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ మూడు రోజులూ పెట్టుకోకండి. మొక్కుకి తేదీ ఉండదు.

ఈ రెండు ప్రయాణాల మధ్యలో, జులైలో, చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడు ఫిరంగిపురం కూడా చూశాం. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఉంటుంది. అక్కడ బాలయేసు గుడి పాతది, పెద్దది, చూసి తీరాల్సింది. ఊరి కొండ మీద కార్మెల్ మాత ఉంది. ఆమె పండగ జులై 16. మేము పండగ అయ్యాక వారానికి వెళ్ళాం కాబట్టి పందిరి గుంజలు పీకుతున్నారు, కొండ దగ్గర మాతో పాటు నలుగురైదుగురే ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో అమ్మ తీరిగ్గా మెట్టుకో మంగళవార్త జపం చెప్పుకుంటూ ఎక్కడం చూశాక నాకు వెలిగింది. అమ్మ మోకాళ్ళకి కొండ అడ్డం కాదు, జనమూ హడావుడీ అడ్డం. వసతి మాట అడిగితే, ఫిరంగిపురం వెళ్ళేవాళ్ళు గుంటూరులో దిగి పొద్దున్నే బస్సులో వెళ్ళి రావడమే మంచిది. వేళాంగణికి కూడా మేము ఒకసారి వెళ్ళాం. అక్కడ సముద్రం, చదును నేల, గదులు పుష్కలం. పెద్దవాళ్ళకి శరీరానికి సుఖం అక్కడే. కానీ ఖమ్మం నుంచి అది రెండు రోజుల ప్రయాణం, మన భాషలో పూజ కావాలంటే వెతుక్కోవాలి. గుణదలలో అమ్మ మైకులో వినే ప్రతి మాటా అమ్మ వంటింట్లో చెప్పుకునే మాటే.

నవంబరులో పద్ధతి మార్చాను. లాడ్జి స్టేషన్ దగ్గర కాకుండా గుణదల వైపు, ఏలూరు రోడ్డుకి దగ్గరగా, కింది అంతస్తులో గది అడిగి తీసుకున్నాను. చిన్న గది, బకెట్ వేడినీళ్ళు అడిగితే తెచ్చిస్తారు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఫిబ్రవరిలో ఇచ్చిన దానిలో మూడో వంతు కూడా కాలేదు. గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు ఉంటే లాభం ఏమిటంటే తిండికి బాగుంటుంది. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ కోసమైనా ఒక పూట అటు వెళ్ళాలి, మేము తిరుగు ప్రయాణంలో వెళ్ళాం. కానీ తెల్లవారుజామున కొండెక్కాలనుకునేవాళ్ళకి గుణదల వైపు గదే మేలు. పొద్దున ఐదింటికి ఆటో కోసం వెతుక్కునే బాధ ఉండదు. గుణదలకి చిన్న రైల్వే స్టేషన్ కూడా ఉంది. ప్యాసింజర్ రైలు దొరికితే అక్కడే దిగొచ్చు. మాకు టైము కుదరక విజయవాడలో దిగి, గన్నవరం వైపు పోయే సిటీ బస్సు ఎక్కాం. సామాను తక్కువుంటే బస్సే సుఖం, బేరం గొడవ ఉండదు.

ముందు రోజు సాయంత్రం కింది గుడిలో పూజకి వెళ్ళి, బయట కొట్లో కొవ్వొత్తులు కొన్నాం. మామూలు రోజు కాబట్టి కొట్టు ఆవిడ కూర్చోబెట్టి మాట్లాడింది. "రేపు ఎక్కేటప్పుడు సన్నవి తీసుకోండి పెద్దమ్మా, లావువి గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించడం కష్టం" అని అమ్మ చేతిలో లావు కొవ్వొత్తి తీసేసుకుని సన్నవి పెట్టింది. తక్కువ డబ్బు వచ్చే సరుకే చేతిలో పెట్టింది. అమ్మ ఆమె పేరు అడిగి జపంలో చేర్చుకుంది.

తెల్లవారుజామున ఐదుంబావుకి గదిలోంచి బయటపడ్డాం. విజయవాడ ఎండ సంగతి తెలిసిందే. నవంబరులో కూడా తొమ్మిది దాటితే వట్టి కాళ్ళకి రాయి చురుక్కుమంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చెప్పుల్లేకుండా ఎక్కాలనుకునేవాళ్ళు ఏడింటికల్లా కిందికి వచ్చేసేలా చూసుకోండి. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు సిలువ మార్గం చేసేవాళ్ళు ఎక్కువగా వస్తారు. తోడు కావాలంటే ఆ రోజు మంచిది, ఏకాంతం కావాలంటే వేరే రోజు. ఒక టార్చి, రెండు సీసాల నీళ్ళు, మోకాలి పట్టీలు, కూర్చోవడానికి మడత పెట్టిన పాత దుప్పటి ముక్క మాతో ఉన్నాయి. ఆ దుప్పటి ముక్క అమ్మ ఆలోచన. అన్నిటికన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

గుహ దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా చీకటే. ముగ్గురే ఉన్నారు. ఫిబ్రవరిలో నిమిషం కూడా దొరకని చోట అమ్మ అరగంట కూర్చుంది. నేను మొదటిసారి ఆ రాతిని చూశాను. కొవ్వొత్తుల వేడి తగిలే చోట రాయి నల్లబడి, నున్నగా, నూనె రాసినట్టుంది. చెయ్యి పెడితే వెచ్చగా లేదు, చల్లగా ఉంది. మైనం వాసన, రాత్రి మంచు వాసన, ఎవరో పెట్టిన చామంతుల వాసన. ఒక మనిషి నేల మీద గడ్డకట్టిన మైనాన్ని చిన్న రేకుతో గీకి డబ్బాలో వేస్తున్నాడు. ఫిబ్రవరిలో ఆ పెద్దాయన జేబులో వేసుకున్న మైనం పొర గుర్తొచ్చింది.

తర్వాత సిలువ మార్గం మొదలైంది. అమ్మ దగ్గర పాత ప్రార్థనల పుస్తకం ఉంది, అట్ట ఊడిపోతే క్యాలెండర్ కాగితంతో కుట్టుకుంది. చత్వారం వల్ల చదవలేదు కాబట్టి టార్చి పట్టుకుని నేను చదివాను, అమ్మ జవాబు చెప్పింది. మొదటి స్థలం, రెండో స్థలం, మూడో స్థలం. ప్రతి స్థలానికీ ముందు మోకరించాలి. అమ్మ దుప్పటి ముక్క వేసుకుని ఒక్క మోకాలే వంచి, చెయ్యి నా భుజం మీద ఆనించింది.

నాలుగో స్థలం, యేసు తన తల్లిని కలుసుకొనుట. అక్కడ చదువుతుంటే జవాబు రాలేదు. తలెత్తి చూస్తే అమ్మ కూర్చుండిపోయింది. మోకాలి నొప్పేమో అనుకున్నాను. కాదు. "ఆ రోజు ఐసీయూలోకి నన్ను పోనిచ్చింది రెండే రెండు నిమిషాలు నాన్నా. వాడు నన్ను చూశాడు. నోట్లో గొట్టం. మాట్లాడలేడు. నేను మాట్లాడలేను. ఇదిగో, ఇలాగే" అని ఆ విగ్రహాల వైపు చూపించింది. ఏడాదిన్నరలో ఆ రెండు నిమిషాల గురించి అమ్మ ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా. మేము అక్కడ పావుగంట పైనే ఉన్నాం. అక్కడ ఒక చెట్టు ఉంది, తెల్లారాక నీడ పడుతుంది. ఈలోపు తెల్లారింది. టార్చి ఆపేశాను.

ఐదో స్థలంలో కురేనే సీమోను సిలువ మోయడానికి సాయం వస్తాడు. అక్కడి నుంచి అమ్మ చేతి సంచి నేను తీసుకున్నాను. అంతవరకు ఇవ్వనంది. ఆపైన మెట్లు నిటారు. కొన్ని మెట్లు ఎత్తు ఎక్కువ, కొన్ని తక్కువ, అడుగు ఒకేలా పడదు. పెద్దవాళ్ళు పక్కకి ఒరిగేది అక్కడే కాబట్టి వెనక ఒకరు ఉండాలి, పక్కన కాదు. ఇది నేను ఫిబ్రవరిలో నేర్చుకున్న పాఠం. మూడుసార్లు ఆగాం. దిగి వస్తున్న ఒక కుర్రాడు, కాలేజీ బ్యాగు వేసుకున్నాడు, అడగకుండానే తన నీళ్ళ సీసా అమ్మకి ఇచ్చేసి వెళ్ళాడు. పరీక్షలకి ముందు రోజుల్లో రోజూ ఎక్కుతాడట.

ఏడుంబావుకి సిలువ దగ్గరికి చేరాం. ఎండ అప్పుడే ఎర్రగా వస్తోంది. కింద ఏలూరు కాలువ వెండి తీగలా, దాని పక్కన రోడ్డు, రైలు పట్టాలు. పడమట ఇంద్రకీలాద్రి వైపు కొండల వరస మంచులో నీలంగా ఉంది. ఫోటోలు తీయాలని ఫోన్ తీశాను. అమ్మ సిలువ మొదట్లో నుదురు ఆనించి నిలబడింది. ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టేశాను. గాలికి కొవ్వొత్తి నాలుగుసార్లు ఆరిపోయింది. ఐదోసారి వెలిగింది. కొట్టు ఆవిడ చెప్పినట్టు సన్నది కాబట్టి వెలిగింది.

దిగడం ఎక్కడం కన్నా కష్టమని మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గంట పట్టింది. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, పక్కగోడ దొరికిన చోట గోడ పట్టుకుని దిగింది. ఎక్కడానికి, దిగడానికి, మధ్యలో కూర్చోవడానికి అంతా కలిపి పెద్దవాళ్ళకి నాలుగు గంటలు పెట్టుకోండి. ఆ రోజు వేరే ఏ పనీ, ఏ రైలూ పెట్టుకోకండి. మేము సాయంత్రం రైలు పెట్టుకున్నాం కాబట్టి ఎక్కడా గడియారం చూడలేదు.

నాలుగో స్థలం దగ్గరికి వచ్చేసరికి కింద నుంచి ఒక ఆవిడ ఎదురొచ్చింది. చంకలో రెండేళ్ళ పిల్ల, భుజానికి సంచి, పసుపు రాసిన కాళ్ళు. ఊపిరి అందడం లేదు. "ఇంకా ఎంత దూరం అమ్మా?" అని అడిగింది. అమ్మ ఆగి, దుప్పటి ముక్క తీసి మెట్టు మీద పరిచింది. "ముందు కూర్చో తల్లీ. బిడ్డని నాకియ్యి. ఇక్కడ నీడ ఉంటుంది, కాసేపు ఊపిరి పీల్చుకో. ఐదో స్థలం దాటాక మెట్లు సమంగా ఉండవు, అక్కడ బిడ్డని సంక మార్చుకోకు" అని చెప్పి, మిగిలిన సన్న కొవ్వొత్తులు ఆమె సంచిలో వేసింది.